చన్నీళ్ళ కుళాయిలో వేన్నీళ్ళు

ముప్ఫై ఏళ్ళకు పైగా ఇళ్ళల్లో నీళ్ళు కాచే బాయిలర్లు బాగుచేసి బతికాను. అందులో మొదటి పదకొండేళ్ళు కువైట్‌లో. పని మానేసి ఇంటి దగ్గర కూర్చున్నాక కూడా ఐటీఐ పూర్తిచేసిన కుర్రాళ్ళు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. గల్ఫ్‌కి వెళ్ళబోయేవాళ్ళు కొందరు, ఇక్కడే గీజర్ల పని పెట్టుకున్నవాళ్ళు కొందరు. అందరూ అడిగేది ఒకటే. పాడైన బాయిలర్ని బాగుచెయ్యడం వచ్చుగానీ, పాడవబోతోందని ముందే కనిపెట్టడం ఎలా అని.

పుస్తకంలో ఉన్నది వాళ్ళకి ఎలాగూ తెలుసు. పుస్తకంలో లేనిది నాకు ఒకే ఒక్క చలికాలంలో తెలిసింది. ఆ చలికాలం నేనొక పెద్ద తప్పు చేశాను. దాన్ని పూర్తిగా దిద్దుకున్నాను కూడా. ఇన్నేళ్ళ పనిలో నేను తలెత్తుకుని చెప్పుకోగలిగింది ఆ దిద్దుకోవడమే. అందుకని అది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మిల్లు నుంచి సాల్మియాకి

నా పేరు వీర్రాజు, మాది మండపేట. పద్దెనిమిదో ఏట ఉప్పుడు బియ్యం మిల్లులో ఫిట్టర్‌గా చేరాను. ధాన్యం ఉడకబెట్టడానికి అక్కడ ఊకతో మండే పెద్ద ఆవిరి బాయిలర్ ఉండేది. దాని నెత్తిమీద సేఫ్టీ వాల్వు. లోపల ఒత్తిడి హద్దు దాటిందంటే ఆ వాల్వు దానంతటదే తెరుచుకుని ఆవిరిని బయటికి వదిలేస్తుంది. బాయిలర్ చూసుకునే సత్తిరాజు గారు నన్ను మొదటి నెలంతా ఆ వాల్వు దరిదాపులకి రానివ్వలేదు. దాని జోలికి వెళ్ళినవాడు మిల్లుతో సహా లేచిపోతాడని ఆయన రోజుకొకసారి చెప్పేవారు.

డెబ్భైల చివర్లో మా మేనమామ వీసా పంపిస్తే కువైట్ వెళ్ళాను. సాల్మియాలో ఒక రిపేరు షాపు. కుళాయిలు, పైపులు, మోటార్లు, నీళ్ళు కాచే బాయిలర్లు, అన్నీ చేసేవాళ్ళం. మా వీసాలకి పూచీ ఉండే కువైటీ, కఫీల్ అంటారు, ఎప్పుడో ఏడాదికొకసారి మా ఇఖామా, అంటే నివాస అనుమతి కాగితాల మీద సంతకం పెట్టడానికి కనిపించేవాడు. షాపు నడిపేది అబూ సలీం. ఆయన మంచివాడా చెడ్డవాడా అని అడిగితే, తొందరవాడు అని చెబుతాను. పొద్దున్న ఏడింటికి షాపు ముందు నిలబడి "యల్లా, యల్లా", పదండి పదండి అంటూ మమ్మల్ని పికప్పుల్లోకి ఎక్కించేవాడు. ఒకరోజులో ఎన్ని ఇళ్ళు చుట్టి వస్తే అంత మెచ్చుకునేవాడు. చేసిన పని ఎన్నాళ్ళు నిలుస్తుందని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అలాంటి పెద్ద కింద పనిచేసేవాడికి చేతివేగం పెరుగుతుంది. ఆలోచన వెనకబడుతుంది. నాకు అదే జరిగింది.

కువైట్ ఇళ్ళల్లో బాయిలర్ గోడకి కనిపించేలా వేలాడదు. బాత్రూమ్ కప్పు కింద ఇంకో తేలికపాటి కప్పు వేసి, ఆ రెండింటి మధ్య పడుకోబెడతారు. ఇంట్లో ఉండేవాళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి చూడరు. నీళ్ళ ట్యాంకులు డాబా మీద ఎండలో ఉంటాయి. అందువల్ల అక్కడొక వింత ఉంది. వేసవిలో చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. జనం బాయిలర్ స్విచ్చి ఆపేసి, నీడపట్టున అందులో నిలవున్న నీళ్ళనే చన్నీళ్ళుగా వాడుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి మేం ఈ సంగతి నవ్వుతూ చెప్పేవాళ్ళం.

నా తెలివి

ఎనభైల మొదట్లో ఒక డిసెంబరు. చలి బాగా దిగింది. అందరూ ఒక్కసారే బాయిలర్లు వేశారు. షాపుకి వచ్చే ఫోన్లలో సగం ఒకే ఫిర్యాదు మీద. బాత్రూమ్ కప్పులోంచి నీళ్ళు కారుతున్నాయి, తెల్లటి కప్పు మీద పసుపు మరకలు పడుతున్నాయి అని.

వెళ్ళి చూస్తే ప్రతిచోటా ఒకటే సంగతి. ఇంటి బాయిలర్‌కి కూడా వేలెడంత సేఫ్టీ వాల్వు ఉంటుంది. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి. ఆ ఉబ్బిన కాస్త నీరూ ఆ వాల్వులోంచి చుక్కలు చుక్కలుగా బయటికి వస్తుంది. అది రావాలి. ఇల్లు కట్టినవాళ్ళు ఆ చుక్కలు పోవడానికి చిన్న గొట్టం పెట్టి నేల మీది తూముదాకా దింపాలి. చాలా ఇళ్ళల్లో ఆ గొట్టం లేదు. చుక్కలు కప్పు మీదే పడుతున్నాయి. సరైన పని చెయ్యాలంటే గోడ తొలిచి గొట్టం దింపాలి. దానికి సగం రోజు పడుతుంది.

ఒక ఇంట్లో నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వాల్వు మూతికి సరిపోయే ఇత్తడి ప్లగ్గు ఒకటి నా పెట్టెలో ఉంది. దాని మరలకి టేపు చుట్టి, దాన్ని వాల్వు మూతికి బిగించేశాను. కారడం ఆగిపోయింది. అయిదు నిమిషాల పని. ఇంటి యజమానురాలు మురిసిపోయింది. షాపుకి వెళ్ళి చెబితే అబూ సలీం నా వీపు తట్టి, అలాంటి ప్లగ్గులు డబ్బాడు తెప్పించి మిగతా ఇద్దరు ఫిట్టర్లకి కూడా పంచాడు. వీర్రాజు ఎలా చేస్తే అలాగే చెయ్యమన్నాడు.

సత్తిరాజు గారి దగ్గర అంతకాలం పనిచేసినవాడివి ఈ పని ఎలా చేశావని మీరు అడగాలి. నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. మిల్లులో ఉన్నది బాయిలర్ అనీ, ఇంట్లో ఉన్నది నాలుగు బిందెల నీళ్ళు పట్టే డబ్బా అనీ నా మనసులో ఉండేది. చిన్నదాన్ని చూసి భయపడటం చేతకానితనం అనుకున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు మొదట వదులుకోవలసింది ఈ చిన్నచూపునే.

జనవరిలో ఒక మాట

జనవరిలో ఒకరోజు మిష్రిఫ్‌లో ఒక విల్లాకి వంటింటి కుళాయి మార్చడానికి వెళ్ళాను. డిసెంబరులో నేను ప్లగ్గు వేసిన ఇళ్ళల్లో అదొకటి. అప్పుడు లేని ఒక తెలుగు మనిషి ఇప్పుడు అక్కడ పనికి ఉంది. పేరు శాంతమ్మ. రాజోలు దగ్గర పల్లెటూరు. ఏసుప్రభువు బిడ్డల ఇల్లు. వచ్చి నెల తిరగలేదు. నాలుగు అరబ్బీ ముక్కలు మాత్రం పట్టుకుంది. ఇంటి యజమానురాల్ని అక్కడ పనివాళ్ళందరిలాగే మామా అని పిలుస్తుంది. నేను కుళాయి బిగిస్తుంటే వెనక నిలబడి, గొంతు తగ్గించి చెప్పింది.

"అన్నయ్యగారండీ, పిల్లల బాత్రూములో చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేన్నీళ్ళొత్తన్నాయండి. మూడ్రోజుల్నించి ఇంతేనండి."

నాకు నవ్వొచ్చింది. "ఇది కువైట్ శాంతమ్మా. ఇక్కడ చన్నీళ్ళ కుళాయిలో వచ్చేవి వేన్నీళ్ళే. అలవాటు పడతావు."

ఆమె నవ్వలేదు. "కమోడు ఎనకాల తొట్టె కూడా ఎచ్చగా ఉందండి. తుడిసేటప్పుడు సెయ్యేసి సూశాను. పైన ఎసరు మరిగినట్టు సప్పుడొత్తంది. పిల్లలకి అక్కడ నీళ్ళు పోయాలంటే భయంగా ఉందండి."

ఆ మాటలు మామా చెవిన పడ్డాయి. ఏమంటోంది అని నన్నడిగింది. శాంతమ్మ చెప్పింది చెప్పాను. మామా విసుగ్గా, ఈ మనిషి మూడురోజులుగా పిల్లలకి స్నానం చేయించకుండా ఏవేవో సాకులు చెబుతోందని, ఇలాగైతే తెచ్చిన ఏజెంటు ఆఫీసుకే తిరిగి పంపించేస్తానని అంది. ఆ మాటకి అర్థం ఏమిటో మాకందరికీ తెలుసు. నెల తిరక్కుండా ఆఫీసుకి తిరిగి వెళ్ళిన మనిషి వీసాకి చేసిన అప్పు తీరకుండానే ఇంటికి వెళ్ళాలి.

నేను బాత్రూములోకి వెళ్ళి వేన్నీళ్ళ కుళాయి తిప్పాను. వేడిగా వచ్చాయి. బాయిలర్ పనిచేస్తోంది. మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదని మామాతో చెప్పి పెట్టె సర్దుకున్నాను. చన్నీళ్ళ కుళాయి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. వెళ్ళేటప్పుడు శాంతమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆమెకి ఆ ఇంట్లో ఉన్న ఒక్క సాక్షిని నేనే, ఆ సాక్ష్యం తారుమారు చేసి వెళ్ళాను.

తర్వాతి పని అహ్మదిలో, ఒక ఇంజనీరు గారి ఇంట్లో. మోటారు విప్పేముందు చేతులు కడుక్కుందామని పెరటి కుళాయి తిప్పాను. నీళ్ళు మంచులా తగిలాయి. వేళ్ళు కొంకర్లు పోయాయి. చేతులు దులుపుకుంటూ అలాగే ఆగిపోయాను. ఒంటిమీద రెండు స్వెట్టర్లున్నాయి. డాబా మీద ట్యాంకులన్నీ రాత్రంతా చలిలో గడ్డకట్టినట్టు ఉంటాయి. జనవరిలో ఏ ఇంట్లోనూ చన్నీళ్ళ కుళాయిలో వేన్నీళ్ళు రావు. వస్తే అవి డాబా మీంచి వచ్చినవి కావు. బాయిలర్లోంచి వెనక్కి తన్నుకొచ్చినవి.

బాయిలర్లో నీళ్ళు ఎందుకు వెనక్కి తంతాయి? ముందుకి పోయే దారి లేక. ఆ దారిని మూసింది ఎవరు? నేను.

ఇంజనీరు గారికి ఒక్కమాట చెప్పి, మోటారు ముట్టుకోకుండానే నా పెట్టె తీసుకుని పికప్పు ఎక్కాను.

అందరూ బయటికి

మిష్రిఫ్ చేరేసరికి మధ్యాహ్నం. పిల్లలు బడినుంచి వచ్చేశారు. పిల్లల బాత్రూము గుమ్మంలో శాంతమ్మ నిలబడి ఉంది. ఇద్దరు చిన్నపిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని, లోపలికి వెళ్ళకుండా అడ్డంగా నిలబడింది. మామా గొంతు పెంచి తిడుతోంది. శాంతమ్మ తలొంచుకుని వింటోందిగానీ గుమ్మంలోంచి అంగుళం కదల్లేదు.

నేను ఎవరితోనూ మాట్లాడకుండా మీటరు బోర్డు దగ్గరికి వెళ్ళి బాయిలర్ కరెంటు తీసేశాను. తర్వాత మామా దగ్గరికి వచ్చి, ఇంట్లో అందరూ వెంటనే ముందు వాకిట్లోకి వెళ్ళాలని, నేను చెప్పేదాకా ఎవరూ ఏ కుళాయీ తిప్పకూడదని చెప్పాను. గంటన్నర కిందట ఏమీ లేదని చెప్పింది నువ్వే కదా అని ఆమె నిలదీసింది. ఆ ప్రశ్న న్యాయమైనదే.

"అప్పుడు నేను చెప్పింది తప్పు మామా. శాంతమ్మ చెప్పిందే నిజం" అన్నాను.

నా మొహం చూసి ఆమెకి ఏదో అర్థమైంది. ముసలి అత్తగారిని తనే చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. శాంతమ్మ పిల్లల్ని తీసుకెళ్ళింది. అందరూ కంబళ్ళు కప్పుకుని వాకిట్లో కుర్చీల్లో కూర్చున్నారు.

నేనొక్కణ్ణే గుమ్మం బయట నిలబడి పైన చప్పుడు విన్నాను. బియ్యం ఉడికేటప్పటి కుతకుత కాదది. గుండ్రాయి దొర్లినట్టు పెద్ద చప్పుడు. కప్పు పలకలు సన్నగా వణుకుతున్నాయి. చెయ్యి పైకెత్తి ఆ ప్లగ్గు విప్పేద్దామనిపించింది. ఆగాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. హద్దు దాటి కాగిన బాయిలర్ని ముట్టుకోకూడదు, విప్పకూడదు, చన్నీళ్ళు పంపకూడదు. కరెంటు తీసి, మనుషుల్ని తప్పించి, చల్లారేదాకా ఓపిక పట్టాలి. చేతుల్లో పనితనం ఉండి కూడా ఏమీ చెయ్యకుండా నిలబడటం ఎంత కష్టమో ఆ మధ్యాహ్నం తెలిసింది.

చప్పుడు మెల్లగా తగ్గింది. మధ్యాహ్నం మూడింటి అసర్ నమాజు పిలుపు వినిపించేసరికి పూర్తిగా ఆగింది. ఇంకో గంట ఆగి కప్పు పలక తీసి చూశాను. బాయిలర్ అడుగు ఉబ్బి, అతుకు దగ్గర పైపూత పెంకులా లేచిపోయింది. విప్పి చూస్తే, వేడి చాలనగానే కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్ కాలి అతుక్కుపోయింది. అది మూడురోజులుగా కరెంటు ఆపడం లేదు. నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే వాల్వులో సున్నపు గార పట్టి, అది సగం తెరుచుకుని ఇరుక్కుంది. ఆ సగం సందులోంచే వేన్నీళ్ళు చన్నీళ్ళ పైపులోకి పోతున్నాయి. ఆ మూడురోజులూ ఆ ఇంటిని కాపాడింది ఆ పాడైన వాల్వే. గార ఇంకో వెంట్రుకవాసి పేరుకుంటే ఆ దారి కూడా మూసుకుపోయేది. ఆ తర్వాత ఏమవుతుందో సత్తిరాజు గారు నాకు ఎప్పుడో చెప్పారు.

అప్పటికి ఇంటి యజమాని ఆఫీసునుంచి వచ్చారు. బాబా అని పిలిచేవాళ్ళం. మితభాషి. నేను సామాన్లన్నీ నేలమీద గుడ్డ పరిచి పెట్టాను. ఆయన కింద కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో తీసి చూశారు. ఇత్తడి ప్లగ్గు దగ్గర ఆగి, ఇది ఎవరు పెట్టారని అడిగారు.

డిసెంబరులో వచ్చిన ఫిట్టరు మొహం ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వేరేవాడని చెప్పవచ్చు.  నిజం చెబితే ఆయన ఒక్క ఫోన్ చేసి నన్ను విమానం ఎక్కించగలడు. గుమ్మంలో పిల్లల్ని పట్టుకుని నిలబడిన శాంతమ్మ కళ్ళముందే ఉంది. పని పోతుందని తెలిసి కూడా ఆమె ఆ గుమ్మం వదల్లేదు.

"నేనే పెట్టాను బాబా" అన్నాను.

ఆయన చాలాసేపు ప్లగ్గును అరచేతిలో దొర్లించారు. కేకలు వేస్తారని చూశాను. వెయ్యలేదు. "ఇంకా ఎన్ని ఇళ్ళల్లో పెట్టావు?" అని అడిగారు.

షాపు గుమ్మంలో

ఉబ్బిన బాయిలర్ని పికప్పులో వేసుకొచ్చి మర్నాడు పొద్దున్న షాపు గుమ్మంలో పెట్టాను. అబూ సలీం దాన్ని దాటుకుని లోపలికి వచ్చి, ఇదేమిటన్నాడు. చెప్పాను. ప్లగ్గులు వేసిన ప్రతి ఇంటికీ వెళ్ళి, తీసేసి, గొట్టాలు దింపాలన్నాను. మిగతా పనులన్నీ ఆపి ఇదే చెయ్యాలన్నాను.

ఆయన తలుపు దగ్గరగా వేశాడు. "నువ్వు చెప్పేది నిజమే అనుకో. ఇంటింటికీ వెళ్ళి తప్పు మాదే అని చెబితే, రేపట్నించి మనల్ని ఎవరు పిలుస్తారు?"

"పేలిన ఇంటివాళ్ళు కూడా పిలవరు కదా" అన్నాను.

ఆయన గుమ్మంలోకి వెళ్ళి, వంగి, ఆ ఉబ్బు మీద అరచెయ్యి వేశాడు. ఇనుమును నీళ్ళు ఇలా చేశాయా అని నన్ను రెండుసార్లు అడిగాడు. తర్వాత మేకుకి ఉన్న పికప్పు తాళాలు తనే తీసుకున్నాడు. "యల్లా" అన్నాడు. నేను షాపులో చేరాక ఆయన ఆ మాట నెమ్మదిగా అనడం అదే మొదటిసారి.

ఆయన్ని తొందరవాడని పైన రాశాను. అది నిజమే. తప్పని తెలిశాక దాన్ని దిద్దడంలో కూడా ఆయన అంతే తొందరపడ్డాడని కూడా రాయాలి. ప్రతి గుమ్మంలోనూ ముందు తనే నిలబడి, తప్పు మా షాపుదేనని చెప్పేవాడు. కొందరు తిట్టారు. ఒకాయన తలుపు మొహం మీద వేశాడు. చాలామంది టీ ఇచ్చారు.

మనుషులు చెప్పే గుర్తులు

ఆ రెండు వారాల్లో ఇల్లు తర్వాత ఇల్లు తిరుగుతూ నాకొక అలవాటు పట్టుబడింది. బాయిలర్ని విప్పేముందు, ఆ ఇంట్లో నీళ్ళు ఎక్కువ వాడే మనిషి ఎవరో వెతికి పట్టుకుని అడగడం. యజమానికి వేడినీళ్ళు వస్తున్నాయా లేదా అన్నంతవరకే తెలుస్తుంది. గిన్నెలు తోమే మనిషికి, పిల్లలకి స్నానం చేయించే మనిషికి అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది. నేను మీటరు పట్టుకుని కనిపెట్టేదాన్ని వాళ్ళు వారం ముందే చెబుతారు.

ఇదివరకు రెండు బకెట్లు వచ్చేవి, ఇప్పుడు ఒకదానికే చల్లబడిపోతున్నాయి అంటే లోపల కాయిల్ మీద గార మందంగా పేరుకుందన్నమాట. పొద్దున్నే మొదటి చెంబు ఎర్రగా వస్తోందంటే లోపల తుప్పు మొదలైంది. తుప్పు తొట్టిని తినడం మొదలుపెట్టాక దాన్ని అతికి లాభం లేదు, మార్చాలి. కుళాయి తిప్పగానే ఉమ్మినట్టు ఆగి ఆగి వస్తూ పొగలు కక్కుతుంటే అక్కడితో అడగడం ఆపి కరెంటు తీసెయ్యాలి. ముట్టుకుంటే చేతికి సన్నగా జిల్లుమంటోందని ఎవరైనా అంటే కూడా అంతే. వాల్వులోంచి వేడి ఎక్కేటప్పుడు మాత్రమే నాలుగు చుక్కలు పడుతుంటే సంతోషించాలి. రాత్రింబగళ్ళు ధారగా కారుతుంటే వాల్వునో, థర్మోస్టాట్‌నో చూడాలి. ఏం చేసినా ఆ మూతి మాత్రం మూయకూడదు.

ఇవన్నీ నాకు ఏ ఇంజనీరూ చెప్పలేదు. చేతులు ఎప్పుడూ నీళ్ళల్లో ఉండే మనుషులు చెప్పారు.

శుక్రవారం

నేను ప్లగ్గులు వేసిన ఇళ్ళు పధ్నాలుగు. అన్నీ గుర్తున్నాయి, అన్నీ తీసేశాం. చిక్కు మిగతా ఇద్దరు ఫిట్టర్లు వేసినవాటితో వచ్చింది. వాళ్ళకి సగం ఇళ్ళు గుర్తులేవు. షాపు పుస్తకంలో పేటల పేర్లున్నాయిగానీ ఇంటి నంబర్లు లేవు. తెప్పించిన డబ్బాలో ఎన్ని ఖర్చయ్యాయో లెక్కేస్తే, ఇంకా తొమ్మిది ఇళ్ళు ఎక్కడో ఉన్నాయి. మిష్రిఫ్‌లోనూ, దాని చుట్టుపక్కల విల్లాల్లోనూ.

కొత్త బాయిలర్ బిగించడానికి శాంతమ్మ ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు ఆమెతో ఈ సంగతి అన్నాను. ఆమె ఆ ప్లగ్గు ఒకటి తనకి ఇమ్మంది.

"శుక్రవారం ప్రార్థనకి మనోళ్ళు శానామంది వత్తారండి. అందరూ ఇళ్ళల్లో పనిసేసేవోళ్ళే. ఇది సూపిత్తాను" అంది.

అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి చర్చి ప్రార్థన కూడా ఆరోజే. మామా దగ్గర అనుమతి అడిగింది. మామా తనే డ్రైవర్ని ఇచ్చి పంపించిందట. ప్రార్థన అయ్యాక, అందరూ చెప్పులు వేసుకునే చోట నిలబడి శాంతమ్మ ఆ ఇత్తడి ప్లగ్గు చేతుల్లో పెట్టి చూపించింది. మీ ఇళ్ళల్లో బాయిలర్ కింద ఇలాంటిది బిగించి ఉందేమో చూడండి, ఈ చలిలో చన్నీళ్ళ కుళాయి వేడెక్కిందేమో చూడండి, కమోడు తొట్టె మీద చెయ్యేసి చూడండి అని చెప్పింది. ఏలూరు మనుషులు, నరసాపురం మనుషులు, మలయాళీ నర్సులు, అందరూ ఆ ప్లగ్గును చేతులు మార్చుకుని చూశారట.

శనివారం పొద్దున్న షాపులో ఫోన్ మోగడం మొదలైంది. ఆ వారంలోనే ఎనిమిది ఇళ్ళు దొరికాయి. ఒక ఇంట్లో పాలకొల్లు నుంచి వచ్చిన వంటమనిషి, మేం వెళ్ళేసరికే కరెంటు తీసేసి, అరవైయేళ్ళ యజమానిని వరండాలో కూర్చోబెట్టి, బాత్రూము తలుపుకి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. విప్పి చూస్తే అక్కడ కూడా థర్మోస్టాట్ అతుక్కుపోయింది. ఇంకో మూడురోజులు కూడా ఆగేది కాదు. 

తొమ్మిదోది రుమైథియాలో దొరికింది. ఫిబ్రవరి చివర్లో, ఎండ కాస్త వెచ్చబడ్డాక. ఆ ప్లగ్గు నేనే విప్పాను. మూతి తెరుచుకోగానే నాలుగు చుక్కలు నా మణికట్టు మీద పడ్డాయి. నిచ్చెన మీద నిలబడే ఉన్నాను. కింద అబూ సలీం, ఇద్దరు ఫిట్టర్లు తలలెత్తి చూస్తున్నారు. "ఖలాస్" అన్నాను, అయిపోయిందని. ఆ ఒక్క మాటకి వాళ్ళు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పరాయి దేశంలో, పరాయి ఇంటి బాత్రూములో, నలుగురు మగవాళ్ళం ఒకళ్ళ భుజం ఒకళ్ళు తట్టుకున్నాం. ఒక్క మనిషికి కూడా చిన్న బొబ్బ ఎక్కలేదు. ఒక్క ఇల్లూ చెడలేదు. దానికి మించిన రోజు నా పనిలో మళ్ళీ రాలేదు.

భోజనం

మార్చిలో మిష్రిఫ్ బాబా మా షాపు వాళ్ళందర్నీ ఒక శుక్రవారం భోజనానికి పిలిచారు. వాకిట్లో చాపలు పరిచి, పెద్ద పళ్ళెంలో మాంసం వేసి వండిన అన్నం పెట్టారు. శాంతమ్మ అలవాటు ప్రకారం వడ్డించడానికి గిన్నె అందుకుంది. మామా లేచి ఆ గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుంది. తన పక్కన చాప మీద చోటు చూపించి కూర్చోమంది. శాంతమ్మ మొహమాటపడి నిలబడే ఉంటే, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, పళ్ళెంలో మంచి ముక్క ఏరి మొదట ఆమె ముందు పెట్టింది. అందరి ముందూ, తాను ఈ మనిషి మాట వినకుండా తిరిగి పంపించెయ్యబోయానని, దేవుడు తనని ఆపాడని చెప్పింది. ముసలి అత్తగారు శాంతమ్మ తలమీద చెయ్యి వేసి ఏదో దీవించింది. శాంతమ్మ కళ్ళు తుడుచుకుంటూనే తింది. పిల్లలిద్దరూ ఆమె ఒళ్ళోకి ఎక్కారు.

భోజనాలయ్యాక అబూ సలీం సరదాకి ఆమెని అడిగాడు. మా ఫిట్టర్లు కనిపెట్టలేనిది నువ్వు కనిపెట్టావే, ఈ పని నీకు ఎవరు నేర్పారు, వీర్రాజేనా అని. మా పనివాళ్ళల్లో బాగా చెయ్యి తిరిగిన గురువుని ఉస్తాద్ అంటారు. ఆ మాట ఆమె అప్పటికే ఎక్కడో పట్టుకుంది.

శాంతమ్మ నావైపు ఒకసారి చూసి, తనకి వచ్చిన అరబ్బీలో, నిదానంగా, ఒక్కో మాటా తేల్చి చెప్పింది.

"లా. అనా ఉస్తాద్."

కాదు, ఉస్తాద్‌ని నేనే అని. చాపల మీద ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా మామా నవ్వింది. నేను నవ్వలేదు. లేచి నిలబడి, గురువుకి పెట్టినట్టు ఆమెకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.